కొక్కెం వేయని సాయంత్రం

హాస్టల్ వంటావిడ స్కూటర్ దిగకుండానే శుభవార్త చెప్పేసింది. సెలవులైపోయి హాస్టల్ తెరిచిన రోజు నుంచి అక్కడికి కూరగాయలన్నీ ఈ తోట నుంచే వెళ్తాయి. హాస్టల్ పెద్దలు ఒప్పుకున్నారు, సంతకాలు కూడా అయిపోయాయి.

ఆ సమయానికి కొత్త కోడలు పందుల దొడ్డిలో ఉంది. పైజామా మోకాళ్ల దాకా మడిచి, తొట్టి అడుగున ఎండి అంటుకుపోయిన తవుడును మొండి చీపురుతో గీకుతోంది. పెళ్లై రెండు నెలలే అయినా ఆ పని తనదేనని పట్టుబట్టి తీసుకుంది. తొట్టి కడుగుతున్నంతసేపూ పందులు వెనక నుంచి వచ్చి ఆమె మడమలను ముక్కులతో తడిమి చూస్తాయి. ఆ చల్లటి, తడి ముక్కుల చక్కిలిగింత ఆమెకు ఇంకా పాతబడలేదు.

చీపురు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. అత్తగారు అప్పటికే వేళ్లు మడుస్తున్నారు. వంగ ఒక మడి, బెండ రెండు, సొర అయితే గట్టు పొడుగునా. మామగారు మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగి, వంటావిడ మూడోసారి కూడా ఔనన్నాక, గోడకు ఆనించిన పారను తీసి మళ్లీ అక్కడే పెట్టారు. సంతోషం వస్తే ఆయన చేతులకు ఏం చేయాలో తోచదు.

స్కూటర్ మలుపు తిరిగాక అసలు చిక్కు బయటపడింది. ఉన్న నాలుగు మడులు హాస్టల్‌కి ఏ మూలకూ చాలవు. తోట వెనక బీడుగా వదిలేసిన నేల చెక్కను కూడా సాగులోకి తేవాలి. ఆ చెక్క నిండా తుంగ. పైకి చూస్తే పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉండే గడ్డి. కింద మాత్రం వేళ్లకు పూసలు గుచ్చినట్టు నల్లటి గడ్డలు. పైన కోస్తే వారం తిరక్కుండా లేస్తుంది. తవ్వితే, మట్టిలో మిగిలిన ఒక్కో గడ్డా ఒక్కో సంసారం పెడుతుంది. మామగారు మూడు వేసవులు దానితో కుస్తీ పట్టి, నాలుగో ఏడు అటువైపు చూడటమే మానేశారు.

పది రోజుల్లో అక్కడ విత్తనం పడకపోతే హాస్టల్ తెరిచేనాటికి కాయ చేతికి రాదని ఆయన లెక్క తేల్చారు. తవ్వడానికి మనుషుల కోసం కొడుకును నాలుగు చోట్లకు ఫోన్ చేయమన్నారు. నాలుగు చోట్లా ఎండలు తగ్గాక చూద్దామనే అన్నారు.

ఇంత హడావిడినీ వేపచెట్టు నీడన బురదగుంటలో పడుకుని పెద్దావిడ ఒక కన్ను తెరిచి చూస్తోంది.

పెద్దావిడంటే ఈ ఇంటి ముసలి ఆడపంది. కొత్త కోడలు ఈ ఇంటికొచ్చిన మొదటి రోజు, పెద్దావిడకి స్నానమైందా అని మామగారు లోపలికి కేకేస్తే, ఇంట్లో ఇంకో ముసలమ్మ కూడా ఉందనుకుని జుట్టు సరిచేసుకుని, పలకరింపుకు ముఖం సిద్ధం చేసుకుని పెరట్లోకి వెళ్లింది. అక్కడ భర్త గొట్టంతో నీళ్లు కొడుతున్నాడు, నిండు గదంత పంది ఒకటి కళ్లు మూసుకుని ఆనందిస్తోంది. ఆ సంగతి తలుచుకుని అతను ఇప్పటికీ అన్నం మధ్యలో నవ్వుతాడు. మిగతా పందులన్నీ దొడ్డిలో ఉంటాయి. పెద్దావిడకు మాత్రం పెరడంతా తిరిగే హక్కుంది. తెల్లటి ఒళ్లు కావడంతో ఎండకు చెవులు కములుతాయని మధ్యాహ్నాలు దాని మీద తడి గోనెసంచి కప్పుతారు. ఎనిమిది ఈతలు ఈనింది. ఈ మధ్య రెండుసార్లు చూలు నిలవలేదు. మామగారు దాని గురించి మాట్లాడేటప్పుడు ఇప్పుడు ఒక నిట్టూర్పు అదనంగా చేరింది.

పెరటికీ కూరగాయల మడులకూ మధ్య చెక్కగేటు ఉంది. దానికి ఇనప కొక్కెం. ఆ ఇంట్లో కోడలికి నేర్పిన మొదటి పాఠం ఆ కొక్కెమే. ఎవరు ఆఖరున వస్తే వాళ్లు వేయాలి, వేశాక రెండుసార్లు లాగి చూడాలి. ఒకసారి లాగితే అత్తగారికి చాలదు. రెండో లాగుడు వినబడకపోతే వంటింట్లోంచే తల బయటికి పెడతారు.

*

మంగళవారం సాయంత్రం ఎండ దిగాక భర్త ఆమెను కళ్లతోనే పిలిచాడు. అది వాళ్లిద్దరికే తెలిసిన కార్యక్రమం. పెద్దవాళ్లు ముందు గదిలో వార్తలు చూసే అరగంటలో కీర దోస మడి అవతలి గట్టు మీదికి చేరడం, చల్లబడిన తీగల్లో చెయ్యిపెట్టి, ముల్లు మెత్తబడని లేతకాయ ఒకటి వెతికి తెంపడం, అతని చొక్కాకు తుడుచుకుని చెరో కొసా కొరకడం. ఉప్పు తేవడం ఆమె పని. చిన్న కాగితం పొట్లం కట్టి పిడికిట్లో దాచుకొస్తుంది. పెద్దవాళ్ల ముందు "మీరు" అని పిలిచే మనిషిని ఆ గట్టు మీద "నువ్వు" అంటుంది. ఆ ఒక్క అక్షరం మార్పుకే ఆమెకు లోపల ఎక్కడో గంట మోగినట్టుంటుంది.

ఆరోజు తెంపిన కాయలు తిన్నవి పోగా మూడు మిగిలాయి. చీకటి పడుతోంది, లోపల వార్తలైపోయిన సంగీతం వినబడింది. అతను ఎడమచేత్తో కాయలను పొట్టకు అదిమి పట్టుకుని, కుడిచేత్తో ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె రెండో చేతిలో చెప్పులు. గట్టు దిగుతూ ఇద్దరూ ఒకే నవ్వును రెండు నోళ్లతో ఆపుకుంటున్నారు. గేటు దాటి, అతను మడమతో దాన్ని వెనక్కి నెట్టాడు. గేటు టక్కుమని మూసుకుంది. ఆ చప్పుడు కొక్కెం పడ్డ చప్పుడులాగే ఉంది.

బుధవారం పొద్దున అత్తగారి గొంతుకు ఇల్లంతా లేచింది. గేటు బార్లా తెరిచి ఉంది. దోస మడి మధ్యలోంచి రోడ్డు వేసినట్టు ఒక దారి. తీగలు నలిగి, మట్టిలోకి కూరుకుపోయి ఉన్నాయి. పెద్దావిడ ముట్టె నిండా మట్టితో బురదగుంటలో హాయిగా గురకపెడుతోంది.

మామగారు గేటు దగ్గర నిలబడి కొక్కేన్ని పైకి ఎత్తారు, వదిలారు. మళ్లీ ఎత్తారు, వదిలారు. ఆఖరున ఎవరొచ్చారని అడిగారు. సాయంత్రం నీళ్లు పెట్టి తానే వచ్చానని, రెండుసార్లు లాగి చూశానని అత్తగారు అన్నారు. ఆ తరవాత ఎవరూ వెళ్లలేదు కదా అని ఆయన అన్నప్పుడు అది ప్రశ్నలా లేదు. కొడుకు తన కాలి బొటనవేలిని శ్రద్ధగా చూసుకున్నాడు. కోడలు గేటును చూసింది.

"అయితే ముట్టెతో కొక్కెం ఎత్తడం నేర్చిందన్నమాట," అన్నారు మామగారు. "ఒకటి నేర్చిందంటే దొడ్డంతా నేర్చుకుంటుంది. హాస్టల్‌కి మాటిచ్చి కూర్చున్నాం. దీన్ని నమ్మి తోట పెట్టలేను."

కోపంతో అన్నా బాగుండేదని కోడలికి అనిపించింది. ఆయన మెల్లగా, అలసిపోయిన గొంతుతో అన్నారు. ఎలాగూ చూలు నిలవడం లేదని, ఉంచి ఏం చేస్తామని కూడా అన్నారు. లోపలికెళ్లి మాంసం వ్యాపారికి ఫోన్ చేశారు. శుక్రవారం పొద్దున ఏడింటికి బండి వస్తుందట. బయటికొచ్చాక, రోజూ చేసినట్టే గోనెసంచి తడిపి పెద్దావిడ మీద కప్పారు. సంచి అంచులు రెండుసార్లు సర్దారు.

*

మధ్యాహ్నానికి భర్త గదిలో ఆమెకు దొరికాడు. మంచం అంచున కూర్చుని ఒకే చొక్కా గుండీని పెట్టి, తీసి, పెడుతున్నాడు.

"ఏమని చెప్పమంటావు?" అన్నాడు. "చీకట్లో మీ కోడల్ని తీసుకుని దోసకాయలు దొంగిలించడానికెళ్లాను అనా?"

"మన తోటలో మనది దొంగతనమేంటి?"

"అదే. దొంగతనమైతే చెప్పడం సులువు."

ఆమెకు నవ్వొచ్చింది, అంతలోనే నవ్వినందుకు సిగ్గేసింది. పెద్దావిడ ఎలాగూ ముసలిదైపోయిందని, ఈ వేసవి కాకపోతే వచ్చే వేసవికైనా నాన్న అదే చేస్తాడని అతను గోడవైపు చూస్తూ అన్నాడు. నిజమే కావచ్చు. కానీ చేయని తప్పుకు బండెక్కడం వేరు అనుకుంది ఆమె. అతని చెవులు ఎర్రబడటం చూసి, తనలో తిరుగుతున్నదే అతనిలోనూ తిరుగుతోందని తెలుసుకుంది.

ఆమె కాలేజీలో మొక్కల శాస్త్రం చదివిన మనిషి. ఏదైనా కుదురుగా కూర్చుని చూస్తే తప్ప నమ్మే అలవాటు లేదు. సాయంత్రం పుచ్చకాయ తొక్క ఒకటి తీసుకుని గేటు అవతల పెట్టింది. కొక్కెం వేసి, రెండుసార్లు లాగి చూసి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. పెద్దావిడ వాసన పట్టి వచ్చింది. గేటు సందులో ముట్టె దూర్చింది. బలంగా ఒకసారి నెట్టింది, గేటు కిర్రుమంది. కొక్కెం వైపు తలే ఎత్తలేదు. ఇంకోసారి నెట్టి, కాసేపు ఆలోచించినట్టు నిలబడి, చివరికి వెనక కాళ్ల మీద కూలబడి కోడలి ముఖంలోకి చూసింది. దాని తెల్లటి వెంట్రుకల కింద కళ్లు మనిషి కళ్లలా ఉన్నాయి. నువ్వే తియ్యి, నాకు రాదు అన్నట్టుంది. కోడలు తొక్క తెచ్చి దాని నోటికి అందించింది.

తల తిప్పితే వంటింటి కిటికీలో అత్తగారు. చేతిలో గరిటె. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. ఆవిడ లోపలికెళ్లిపోయారు.

గురువారం పొద్దున మామగారు గేటుకు గొలుసూ తాళం వేశారు. తాళంచెవి ఆయన మొలలో. నలిగిన తీగలు సరిచేసే పని కోడలు తనంతట తానే అడిగి తీసుకుని, ఆయనతో తాళం తీయించుకుని లోపలికెళ్లింది. విరిగిన కొసలు కత్తిరించి, బతికినవాటిని పక్కకు మళ్లించి, ఒక్కో కణుపు మీదా పిడికెడు మట్టి వేస్తూ ఆ తొక్కుడు దారి వెంబడే మోకాళ్ల మీద జరిగింది. జరుగుతూ, చూస్తూ ఉంది. పెద్దావిడ దోసకాయలు అసలు ముట్టలేదని కాదు. దారికి అడ్డొచ్చినవి నాలుగైదు నమిలేసింది. కానీ రెండు పక్కలా చేతికందే దూరంలో ఎన్నో కాయలు ముట్టె తగలకుండా నిగనిగలాడుతున్నాయి. కడుపు కోసం వచ్చినదైతే అలా వదిలేస్తుందా?

దారి మడిని అడ్డంగా కోసుకుంటూ, తిన్నగా అవతలి గట్టు దాటి, వెనక చెక్క అంచున ఆగింది. అక్కడ మంచమంత జాగా తిరగేసి ఉంది. మట్టి జల్లెడ పట్టినట్టు పొడిపొడిగా, మోచేతి లోతు దాకా మెత్తగా. తుంగ గడ్డి చిందరవందరగా పక్కన పడి ఎండిపోతోంది. ఆమె ఒక పోచ ఎత్తి చూసింది. వేళ్ల చివర గడ్డలు లేవు. ఇంకోటి ఎత్తింది. లేవు. అప్పుడు రెండు చేతులూ మట్టిలో దూర్చి వెతకడం మొదలుపెట్టింది. గుప్పెడు తరవాత గుప్పెడు ఒళ్లో పోసుకుని వేళ్లతో విడదీసింది. ఎండ నెత్తికెక్కింది, ముక్కు మీంచి చెమట మట్టిలోకి రాలింది. మంచమంత జాగా మొత్తానికి మూడే మూడు గడ్డలు దొరికాయి. పక్కనే ముట్టె పెట్టని చోట జానెడు మట్టి పెళ్లగిస్తే ఇరవై ఆరు. పెద్దావిడ వచ్చింది దోసకాయల కోసం కాదు, ఈ గడ్డలను ఏరుకుని తినడానికి.

ఆమె గుండె దడదడలాడింది. మొట్టమొదటిసారి సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర చూసినప్పుడు కూడా ఇలాగే కొట్టుకుంది. వెంటనే పరుగెత్తి చెప్పేయాలనిపించింది. లేచి రెండు అడుగులు వేసి ఆగిపోయింది. ఈ ఒక్కటే చెప్తే సరిపోతుంది. మామగారు సంతోషిస్తారు, బండి వద్దంటారు. మంగళవారం సాయంత్రం గురించి ఎవరికీ ఎన్నటికీ తెలియనక్కర్లేదు. పెద్దావిడ కొక్కెం ఎత్తే దొంగగానే, పనికొచ్చే దొంగగా, తాళం వెనక బతుకుతుంది. ఎంత సుఖంగా ఉందో ఆ దారి. ఆమె ఆ మెత్తటి మట్టిలో పాదాలు కూరుకుని నిలబడి, మూడు గడ్డలను ఒక చేతిలో, ఇరవై ఆరింటిని చున్నీ కొంగులో పట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

*

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మామగారు బండి సంగతి తెచ్చారు. పెద్దావిడ తేలిగ్గా బండెక్కదని, పొద్దున దానికి మేత పెట్టొద్దని, తవుడు వాసన చూపించి ఎక్కించాలని కొడుకుకు చెబుతున్నారు. చెబుతూ చెబుతూ అన్నం కలపడం ఆపేశారు.

"మామయ్యా," అంది కోడలు. "కొక్కెం ఎత్తింది పెద్దావిడ కాదు. మేం వేయలేదు."

భర్త చేతిలో నీళ్ల గ్లాసు గాల్లో ఆగింది.

మామగారు ఆమె వైపు, కొడుకు వైపు, మళ్లీ ఆమె వైపు చూశారు. "మేం అంటే?"

"మంగళవారం సాయంత్రం మేమిద్దరం దోస మడిలోకి వెళ్లాం. వచ్చేటప్పుడు గేటు నెట్టాం కానీ కొక్కెం వేయలేదు."

"ఎందుకు వేయలేదమ్మా? నీకు తెలుసుగా."

"చేతులు ఖాళీగా లేవు."

"ఇద్దరివీనా?" మామగారు నిజంగానే అర్థం కాక అడిగారు. "నాలుగు చేతులు. అంతేం మోస్తున్నారు?"

కొడుకు మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా ఎక్కింది. అతను గ్లాసు దించి, గొంతు సవరించుకుని, తప్పు తనదేనని, ఆఖరున గేటు దాటింది తానేనని అన్నాడు. ఒక చేతిలో కాయలున్నాయన్నాడు. రెండో చేయి గురించి మొదలుపెట్టి, మధ్యలో వదిలేశాడు. అత్తగారు గిన్నె తెచ్చే మిషతో వంటింట్లోకి వెళ్లారు. ఆవిడ భుజాలు అదరడం గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ చేతిలో గిన్నె లేదు. మడతలు పడ్డ చిన్న కాగితం పొట్లం తెచ్చి కోడలి కంచం పక్కన పెట్టారు. మడత విప్పకముందే కోడలు దాన్ని గుర్తుపట్టింది. అంచున తన చేతిరాతే ఉంది, పాత నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం.

"బుధవారం పొద్దున గట్టు మీద దొరికింది," అన్నారు అత్తగారు. "పెద్దావిడ ఏదైనా చప్పగానే తింటుంది. ఉప్పు కట్టుకుని పోదు."

"తెలిసీ చెప్పలేదా అత్తయ్యా?"

"రేపు బండి వచ్చేదాకా చూద్దామనుకున్నా. అప్పటికీ మీ నోరు పెగలకపోతే నేనే చెప్పేదాన్ని." ఆవిడ కూర్చుని తన కంచం దగ్గరికి లాక్కున్నారు. "నిన్న బకెట్ మీద కూర్చుని దానికి పరీక్ష పెట్టావు చూడు, అప్పుడే అనుకున్నా, ఇది ఊరుకోదులే అని."

మామగారు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టారు. ఆయన లేచి చేయి కడుక్కున్నారు. తువ్వాలు భుజాన వేసుకుని, మొలలోని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "దాన్ని రెండు రోజులు దొంగని చేశాను," అన్నారు. అంతే అన్నారు. బయటికి నడిచారు.

కోడలు చేయి కడుక్కోకుండానే తాళంచెవి అందుకుని వెనక పరుగెత్తింది. మీకింకోటి చూపించాలంటూ గేటు తాళం తీసి, ఆయన్ని దోస మడి దాటించి తిరగేసిన జాగా దగ్గరికి తీసుకెళ్లింది. మూడు గడ్డలు ఒకచోట, ఇరవై ఆరు ఒకచోట పెట్టి, తాను ఏం లెక్కపెట్టిందో, ఎక్కడెక్కడ తవ్విందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన గొంతుక్కూర్చుని మట్టిలో చేయి మోచేతి దాకా దింపారు. పిడికెడు పైకి తీసి నలిపారు. వాసన చూశారు. మళ్లీ ఇంకోచోట దింపారు. మూడు వేసవులు పార పట్టుకుని ఓడిపోయిన మనిషి ఆ మట్టిని అలా నలుపుతుంటే, కోడలు చూస్తూ నిలబడింది.

ఆయన అక్కడి నుంచే వ్యాపారికి ఫోన్ చేశారు. బండి వద్దన్నారు. అవతలి మనిషి ఎందుకని అడిగినట్టున్నాడు.

"దానికి పని దొరికింది," అన్నారు.

తిరిగొచ్చేసరికి అత్తగారూ, భర్తా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పెద్దావిడ ఎండ పొడకు విసుక్కుంటూ గోనెసంచి ఈడ్చుకుని వాళ్ల కాళ్ల దగ్గరికే చేరింది. మామగారు గొలుసు తీసి కొడుకు భుజం మీద వేశారు. ఈనకపోతే ఏమైందిలే అని ఎవరితోనో కాదు, దానితోనే అని, చెవి వెనక గోకారు. కొడుకు ఆ గొలుసు ఎక్కడ పెట్టాలో తెలియక తండ్రిలాగే చేతులు అటూ ఇటూ ఆడించాడు.

"రేపు పొద్దున్నే, ఎండెక్కకముందు, దొడ్డి తడికలు నాలుగు విప్పి వెనక చెక్క చుట్టూ కడదాం," అన్నారు మామగారు. "మూలకో నీళ్ల తొట్టి. పైన గోనెపట్టా నీడ. పెద్దావిడని అందులోకి దింపుదాం, తోడుకి కుర్రవి రెండు. రోజుకి మంచమంత చాలు అనుకుంటే కుదరదు, పది రోజులే ఉన్నాయి."

"మరి ఈ గేటు?" అన్నారు అత్తగారు. "నేను వంటింట్లోంచి ఎంతకని వింటాను?"

మామగారు కొడుకునీ కోడల్నీ చూశారు. ముఖంలో నవ్వు లేదు. కళ్ల చివర మాత్రం ఏదో ముడుచుకుంది.

"రేపటి నుంచి అది వీళ్లిద్దరి పని. ఒకళ్లు కొక్కెం వేస్తారు, ఒకళ్లు రెండుసార్లు లాగి చూస్తారు. ఆ తరవాత చేతులు ఎక్కడ పెట్టుకుంటారో నేనడగను."